పేరూ ఊరూ లేని ఎయిర్ గన్ దొరికిందా? అది ఏదో, దానికి ఏ గుండ్లు పడతాయో తేల్చుకునే పద్ధతి

పాత మిద్దె విప్పేటప్పుడు అటక మీద గోతాంలో చుట్టిన ఎయిర్ గన్ ఒకటి బయటపడటం మా కడప వైపు కొత్తేం కాదు. జేజినాయన పిట్టల తుపాకీ అంటారు. ఎప్పుడు కొన్నాడో, ఎవరి దగ్గర కొన్నాడో చెప్పేవాళ్ళు ఉండరు, దాని మీద పేరుండదు, నంబరుండదు, ఒకవేళ ఉన్నా తుప్పు తినేసి ఉంటుంది. దాన్ని తుడిచి, సరదాగా నాలుగు డబ్బాలు కొడదామని అంగడికి పోతే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ సైజు ఛర్రా కావాలన్నా?" అని. ఛర్రా అంటే గుండే. అక్కడ మనం తెల్లమొహం వేస్తాం.

నేనైతే తెల్లమొహం కూడా వేయలేదు, అంతకంటే పెద్ద తప్పు చేశాను. మా మేనమామ దగ్గరున్న తుపాకీ తిరునాళ్ళలో బుడగలు కొట్టించే మనిషి దగ్గర ఎప్పుడో కొన్నది. చెక్క మీద తెల్ల పెయింటుతో "22" అని రాసుంది. ఇంకేం, పాయింట్ 22 అని తీర్మానం చేసేసుకుని, ఆ సైజు గుండ్ల డబ్బా ఒకటి తెచ్చి, గుండు లోపలికి పోకపోతే మేకు తలతో నొక్కి మరీ ఎక్కించాను. అది సగంలో ఇరుక్కుంది. తీయడానికి ఒక ఆదివారం పోయింది. అది పాయింట్ 22 కాదు, అంతకంటే సన్నదైన పాయింట్ 177. ఆ పెయింటు బుడగలవాడు వేసుకున్న గుర్తు, అంతే. వాడి దగ్గర మొత్తం ఉన్నవి నాలుగు తుపాకులట, ఇరవై రెండు ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

కాబట్టి ముందే చెప్తున్నా, తుపాకీ పేరు కనుక్కోవడం ఒక సరదా, గుండ్లు ఎంచుకోవడం వేరే పని. పేరు దొరక్కపోయినా ఏం కొంప మునగదు. గొట్టాన్ని కొలవకుండా గుండ్లు కొంటేనే డబ్బులు దండగ.

ముందు, అది ఎక్కుపెట్టి ఉందో లేదో చూడండి

అటక మీద ఇరవై ఏళ్ళు పడి ఉన్న తుపాకీలో గుండు ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఎవరో కుర్రాడు ఎక్కుపెట్టి, పెద్దాయన వస్తున్నాడని అలాగే చుట్టి పెట్టేసి ఉండొచ్చు. చేతిలోకి తీసుకోగానే ముందు మూతి మనుషులు లేని వైపు, మట్టి ఉన్న వైపు తిప్పండి. ట్రిగ్గర్ దగ్గరికి వేలు పోనివ్వకండి. పిల్లల్ని లోపలికి పంపించేయండి, ఇది లాంఛనం కాదు, ఎయిర్ గన్ గుండుకి ఒక కన్ను తీసేయడం పెద్ద పని కాదు.

మన దగ్గర దొరికే వాటిలో ఎక్కువ భాగం గొట్టం విరిచి ఎక్కుపెట్టే రకం. గొట్టాన్ని మెల్లగా కిందికి వంచండి. కాస్త వంగాక లోపల స్ప్రింగు గట్టిగా ఎదురు తోస్తుంటే అది ఎక్కి లేదు. ఏ బలమూ లేకుండా తలుపు తీసినట్టు వంగిపోతే రెండే అర్థాలు: ఎక్కి ఉంది, లేదా స్ప్రింగు విరిగిపోయింది. రెండోదే అనుకుని ధైర్యం చేయకండి. గొట్టం విరిచి ఉన్నప్పుడు మాత్రం ట్రిగ్గర్ నొక్కకూడదు. పిస్టన్ వదులైతే గొట్టం చాచి కొట్టినట్టు పైకి లేస్తుంది, మధ్యలో వేలు ఉంటే వేలు పోతుంది, లేకపోతే గొట్టమే వంగుతుంది.

విరిచిన గొట్టంలోంచి చూడాలంటే వెనక మూతి నుంచి, అంటే గుండు పెట్టే వైపు నుంచి చూడండి. ముందు మూతి దగ్గర తెల్ల కాగితం పట్టుకుంటే వెలుగు లోపలికి వస్తుంది. గుండ్రంగా వెలుగు కనబడితే ఖాళీ. చీకటిగా ఉంటే గుండో, కందిరీగ పెట్టిన మట్టి గూడో ఉంటుంది. మాది గూడే. వెదురు బద్దను సన్నగా చెక్కి, కొసకు నూనె రాసి మెల్లగా తోయండి. సైకిల్ పుల్ల, ఇనుప చువ్వ వద్దు, గుండుని తిప్పే లోపలి గాడులు గీసుకుపోతాయి.

ఎక్కి ఉందనుకోండి, ఖాళీ గొట్టంతో పేల్చకుండా ఒక గుండు పెట్టి, గొట్టం మూసి, ఇసుక మూటలోకి కొట్టేయండి. అసలు స్ప్రింగు తుపాకీని గుండు లేకుండా ఎప్పుడూ పేల్చకూడదు. ముందు గుండు ఉంటే గాలి కాస్త ఆగి పిస్టన్‌కి మెత్తగా తగులుతుంది, లేకపోతే పిస్టన్ పోయి సిలిండర్ గోడను గుద్దుకుంటుంది. అంగట్లో చూపించేటప్పుడు ఊరికే టప్ టప్ మని కొట్టి చూపిస్తారే, అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఏ రకమో ముందు తేల్చండి

గొట్టం విరిచేది ఒక రకం. గొట్టం కదలకుండా, కింద గానీ పక్కన గానీ ఒక చెయ్యి ఉండి దాన్ని లాగితే ఎక్కేది ఇంకో రకం. ఈ రెండింట్లోనూ లోపల ఉండేది స్ప్రింగూ పిస్టనే. సైకిల్ పంపులాగా పది సార్లు కొట్టి గాలి నింపేవి ఉన్నాయి, చిన్న గ్యాస్ సిలిండర్ పెట్టేవి ఉన్నాయి, ముందే గాలి ట్యాంకు నింపుకునే పీసీపీలు ఉన్నాయి. పీసీపీ అటక మీద దొరకదు లెండి, దొరికితే మాత్రం ట్యాంకులో గాలి ఎంతుందో తెలియకుండా స్క్రూ విప్పవద్దు. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా గొట్టం విరిచే రకం గురించే.

ముద్రలు వెతకడం

పేరు లేదు అనుకునే తుపాకుల్లో చాలావాటికి పేరు ఉంటుంది, కనబడదంతే. పాత టూత్ బ్రష్‌కి కాస్త కిరసనాయిలో డీజిలో అద్ది రుద్దండి. ఉప్పు కాగితం మాత్రం పట్టొద్దు, తుప్పుతో పాటు అక్షరాలూ పోతాయి. బాగా తుడిచి ఆరనిచ్చాక ముగ్గుపిండి వేలికి అద్ది ఇనుము మీద రుద్దండి. గీతల్లోకి తెలుపు దిగి, పైదంతా బట్టతో తుడిస్తే అంతవరకూ కనిపించని అక్షరాలు మెల్లగా పైకి తేలతాయి. గది చీకటి చేసి సెల్ టార్చి ఏటవాలుగా కొట్టి చూస్తే ఇంకా బాగా కనిపిస్తాయి. మా మామ తుపాకీకి గొట్టం మొదట్లో ఉన్న చదరపు దిమ్మె మీద ముందు 3 కనిపించింది, అరగంట రుద్దితే పక్కన 5 వచ్చింది.

ఎక్కడ వెతకాలంటే, గొట్టం వంగే చోట ఉండే ఆ దిమ్మె పైనా పక్కలా, సిలిండర్ పైభాగం, సిలిండర్ వెనక చివర ఎడమ పక్క, ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కట్టు మీద, చెక్క వెనక భుజానికి ఆనే పట్టీ మీద. అక్కడా లేకపోతే చెక్క పట్టుకుని ఉన్న స్క్రూలు విప్పి ఇనుప భాగం బయటికి తీయండి. చెక్క కింద దాగిన చోట తుప్పు తక్కువ, ముద్ర ఉంటే అక్కడ శుభ్రంగా ఉంటుంది. స్క్రూ గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరే వాడండి. చెక్క తీయడం వరకే మన పని, సిలిండర్ వెనక మూత విప్పకండి, లోపల స్ప్రింగు నొక్కి పెట్టి ఉంటుంది, మొహం మీదికి వస్తుంది.

దొరికిన అంకెల్ని తొందరపడి అర్థం చేసుకోవద్దు. 25, 27, 35 లాంటివి మోడల్ నంబర్లు, బోరు (గొట్టం లోపలి వెడల్పు) కాదు. జర్మనీలో రాస్టాట్ అనే ఊళ్ళో తయారైన డయానా తుపాకుల్లో 27, 35 బాగా పేరున్న మోడళ్ళు. ఐహెచ్‌పి లాంటి మన దేశపు తయారీలు కూడా 35 అనే అంకె వాడాయి. కాబట్టి 35 కనిపించగానే జర్మనీ సరుకు అని ఎగరొద్దు, మా మామ ఎగిరాడు, మూడు నెలలు ఊరంతా చెప్పుకున్నాడు. డయానా అయితే చాలావాటికి సిలిండర్ వెనక ఎడమ పక్క చిన్న అంకెల్లో నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. పాత బ్రిటిష్ తుపాకుల మీద, పాత గుండ్ల డబ్బాల మీద "నంబర్ 1 బోరు", "నంబర్ 2 బోరు" అని ఉంటే అది మాత్రం నిజంగా బోరే: ఒకటి అంటే 177, రెండు అంటే 22.

ఒక మాట. అక్షరాలు అరిగిపోవడం వేరు, ఎవరో ఆకురాయి పెట్టి గీకేయడం వేరు. గీకేసిన గీతలు అడ్డంగా, ఒకే చోట, లోతుగా కనిపిస్తాయి. మీ ఇంట్లో వస్తువు కాకుండా బయట అమ్మకానికి వచ్చిన దాని మీద అలా కనిపిస్తే ఎంత చవకైనా తిరిగి చూడకుండా వచ్చేయండి.

బోరు కొలవడం, అసలు పని ఇదే

177 అంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్క, మిల్లీమీటర్లలో 4.5. 22 అంటే వందో వంతుల లెక్క, 5.5 మిల్లీమీటర్లు. 5 మిల్లీమీటర్ల 20 బోరు, 6.35 మిల్లీమీటర్ల 25 బోరు కూడా ఉన్నాయి గానీ మన వైపు అరుదు. తేల్చాల్సింది ఎక్కువగా 4.5నా 5.5నా అనే.

చాలామంది సన్నటి కొలతలు తీసే వెర్నియర్ తెచ్చి ముందు మూతి కొలుస్తారు. అక్కడ అంచు చెక్కి ఉంటుంది, కొన్నిటికి మూతి దగ్గర గురి చూసే సైటు కోసం గొట్టం పైన తొడుగు ఉంటుంది, కొలత తప్పొస్తుంది. వెనక మూతి దగ్గర కొలవండి, అదీ ఇలా. ఇనుప సామాను అంగట్లో 5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ అడగండి. దాని మెలికలు ఉన్న వైపు కాదు, నున్నగా ఉండే వెనక వైపు, నూనె రాసి, గుండు పెట్టే మూతిలో మెల్లగా ఆనించండి. సులువుగా లోపలికి జారితే అది 5.5. మూతి దగ్గరే ఆగిపోతే 4.5. బలం పెట్టే పని లేదు, ఆగిందంటే ఆగిందే. స్వెటర్ అల్లే ప్లాస్టిక్ సూదులు ఇంకా మంచివి, గొట్టం గీసుకుపోదు, వాటి మీదే సైజు కూడా ఉంటుంది. కానీ కడప ఎండల్లో స్వెటర్ అల్లేవాళ్ళను ఎక్కడని వెతుకుతాం.

ఇది తేలాక ఖాయం చేసుకోవడానికి ఒక గుండుని వాడండి. 4.5 అని తేలితే ఆ సైజు మెత్తటి సీసం గుండు ఒకటి వెనక మూతిలో పెట్టి, వెదురు పుల్లతో మెల్లగా ముందు మూతి దాకా తోసి, బట్ట మీద పడేట్టు బయటికి తీయండి. తోసేటప్పుడు మీ చేతికి తెలిసేదే సగం సమాచారం. మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువుతో పోతే గొట్టం బాగుంది. మధ్యలో ఒకచోట టక్కున వదులైతే అక్కడ తుప్పు తిన్నది లేదా ఉబ్బింది. చివర అంగుళంలో కాస్త బిగిస్తే భయపడకండి, కొన్ని గొట్టాలను కావాలనే అలా చేస్తారు. ఇప్పుడు బయటికి వచ్చిన గుండుని వెలుతురులో తిప్పి చూడండి. దాని తల చుట్టూ, వెనక అంచు చుట్టూ ఏటవాలు గీతలు పడి ఉంటే లోపల గాడులు ఉన్నాయి, గుండు తిరుగుతూ పోతుంది. ఏ గీతా లేకుండా నున్నగా వస్తే అది గాడులు లేని నున్న గొట్టం, బుడగల అంగళ్ళలో వాడేవి కొన్ని ఇలాంటివే. నున్న గొట్టంతో పది మీటర్లలో డబ్బా కొట్టొచ్చు, రూపాయి బిళ్ళ కొట్టాలని పంతం పట్టొద్దు. గుండు తన బరువుకే జారి ముందు నుంచి పడిపోతే మాత్రం గొట్టం బాగా అరిగింది.

బోరు చెప్పే ఇంకో సంగతి, చట్టం

చాలామంది ఎయిర్ గన్నుకి లైసెన్సే అక్కర్లేదు అనుకుంటారు. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు దాటకుండా, గుండు శక్తి 20 జూల్స్ లోపు ఉన్నవాటికే ఆ మినహాయింపు. 5.5 అని తేలితే, జేజినాయన కాలంలో ఎలా కొన్నా సరే, గుండ్ల సంగతి తర్వాత, ముందు స్టేషన్లో గానీ, ఆయుధాల లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ కనుక్కుని దాన్ని దారిలో పెట్టుకోండి. 4.5 అయితే మామూలు స్ప్రింగు తుపాకీ ఆ గీత దాటడం కష్టం. లెక్క చూడండి: 0.53 గ్రాముల గుండు సెకనుకు 200 మీటర్ల వేగంతో పోతే వచ్చేది 10.6 జూల్స్. అదే గుండు 20 జూల్స్ అందుకోవాలంటే దాదాపు 275 మీటర్ల వేగం కావాలి. అటక మీద ఎండిపోయిన తోలు వాషర్‌తో అంత రాదు.

పిట్టల తుపాకీ అని పేరే గానీ పిట్టల్ని కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చిలకలు జొన్నచేను తింటున్నాయంటే వడిసెల ఉంది, డబ్బా మోత ఉంది. దీన్ని కాగితం మీదికీ డబ్బాల మీదికీ వాడుకోండి.

గుండ్లు కొనే ముందు తుపాకీ ఆరోగ్యం

పాత వాటిలో పిస్టన్ ముందు ఉండేది తోలు వాషర్. మే నెలలో మా అటక మీద చెయ్యి పెట్టలేం, ఆ వేడికి తోలు ఎండి అప్పడంలా అవుతుంది. గొట్టం విరిస్తే సిలిండర్ ముందు గోడలో ఒక చిన్న రంధ్రం కనిపిస్తుంది, గాలి వచ్చేది అందులోంచే. అందులో సిలికాన్ నూనె రెండు మూడు చుక్కలు వేసి, తుపాకీని మూతి పైకి వచ్చేట్టు గోడకు ఆనించి ఒక రాత్రి వదిలేయండి. మా మామ కొబ్బరినూనె పోశాడు, అది లోపల జిగురై కూర్చుంది. మామూలు మిషన్ నూనె ఎక్కువ పోస్తే పిస్టన్ నొక్కిన గాలి వేడికి అంటుకుని పొగతో, పెద్ద చప్పుడుతో పేలుతుంది, గుండు వేగంగా పోతోందని సంబరపడతారు, నిజానికి స్ప్రింగు, వాషరు పాడవుతుంటాయి.

రెండో పరీక్ష: గొట్టం మూసి, అతుకు మీద టిష్యూ కాగితం సన్న ముక్క పరిచి, గుండు పెట్టి ఇసుక మూటలోకి పేల్చండి. కాగితం ఎగిరిందంటే గాలి అక్కడే కారిపోతోంది, అతుకు చుట్టూ ఉండే చిన్న వాషరు మార్చాలి. మూసిన గొట్టాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపండి, కదిలితే పక్క బోల్టు బిగించాలి. ఈ రెండూ సరిచేయకుండా ఎంత ఖరీదు గుండ్లు కొన్నా అవి ఒకచోట పడవు, తప్పు గుండ్ల మీదికి తోసేస్తారు.

ఇప్పుడు గుండ్లు

ఈ గుండు మధ్యలో నడుములా సన్నగా, వెనక పావడాలా విచ్చుకుని ఉంటుంది. వెనక బోలు. గాలి తగలగానే ఆ పావడా అంచు విచ్చుకుని గొట్టానికి అతుక్కుంటుంది, గాడుల్ని పట్టేది అదే. అందుకే అంచు నొక్కుకుపోయిన గుండు ఎటు పోతుందో చెప్పలేం. డబ్బా తెరవగానే పదింటిని బల్ల మీద పోసి వేలితో దొర్లించండి, కుంటుతూ దొర్లేవి పక్కన పడేయండి. చవక డబ్బాల్లో ఇలాంటివి ఎక్కువ.

తల ఆకారం నాలుగు రకాలు. చదును తలవి కాగితం మీద గుండ్రటి శుభ్రమైన చిల్లు పెడతాయి, పది మీటర్ల పోటీలన్నీ వీటితోనే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది ఈ 4.5 మిల్లీమీటర్ల విభాగంలోనే, ఆ టార్గెట్ మీద పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. గుండ్రటి తలవి గాలిని బాగా చీల్చుకుపోతాయి, ఇరవై మీటర్లు దాటితే ఇవే మేలు. మొన తేలినవి చూడ్డానికి బాణంలా ఉంటాయి, అంగట్లో ముందు చూపించేవి ఇవే, కానీ ఆ మొన సరిగ్గా మధ్యలో ఉండకపోతే గుండు వంకర పోతుంది, నాకు ఇవి ఎప్పుడూ నచ్చలేదు. తలలో గుంట ఉన్నవి మన పనికి అక్కర్లేదు. ఇనుప బిబి గుండ్లు మాత్రం గాడులున్న గొట్టంలో వేయొద్దు, గాడుల్ని అరగదీస్తాయి, పైగా గట్టి చోట తగిలితే నేరుగా వెనక్కి వస్తాయి.

బరువు డబ్బా మీద గ్రెయిన్లలో ఉంటుంది. 15.4 గ్రెయిన్లు ఒక గ్రాము. 4.5 బోరు స్ప్రింగు తుపాకీకి 7 నుంచి 8.5 గ్రెయిన్ల మధ్య మొదలుపెట్టండి, అంటే 0.45 నుంచి 0.55 గ్రాములు. మరీ తేలికైతే గుండు ముందే ఎగిరిపోయి పిస్టన్ గుద్దుకుంటుంది, మరీ బరువైతే వేగం తగ్గి దారి కిందికి వంగుతుంది. లైసెన్సున్న 5.5 అయితే 12 నుంచి 15 గ్రెయిన్ల మధ్య చూడండి. కొన్ని మంచి డబ్బాల మీద 4.50, 4.51, 4.52 అని తల కొలత కూడా ఉంటుంది. అరిగిన పాత గొట్టానికి 4.52 మంచి పందెం.

బరువుల్లో తేడా చూడాలంటే ప్రొద్దుటూరు ఉంది కదా. బంగారు అంగట్లో మిల్లీగ్రాములు చూపించే తక్కెడ ఉంటుంది. తెలిసినాయన దగ్గరికి ఒక గిరాకీ లేని మధ్యాహ్నం పోయి రెండు డబ్బాల్లోంచి పదేసి గుండ్లు తూచాను, ఆయన నవ్వుతూ "ఏం అబ్బీ, తరుగు ఎంత తీయమంటావ్" అన్నాడు. చవక డబ్బాలో ఏ రెండు గుండ్లూ ఒకే బరువు లేవు, జర్మనీ గుండ్లలో తేడా చివరి అంకెలోనే.

అంగట్లో ఒకేసారి ఐదొందల గుండ్లుండే డబ్బా కొనేయకండి. దొరికితే ఆర్‌డబ్ల్యుఎస్, హెచ్ అండ్ ఎన్, జెఎస్‌బి, గామో లాంటి వాటిలో మూడు నాలుగు రకాలు, ఒక దేశీ రకం, చిన్న డబ్బాలు తీసుకోండి. స్నేహితులుంటే తలా ఒక డబ్బా కొని పంచుకోవడం ఇంకా మంచిది. ఇంటికొచ్చాక ఒక్కో రకం గుండు వెనక మూతిలో పెట్టి బొటనవేలితో నొక్కండి. కొంచెం ఆగి, అప్పుడు అంచుతో సమంగా దిగితే సరైన బిగువు. దానంతట అదే జారిపోతే వదులు. వేలు నొప్పి పుట్టేదాకా నొక్కాల్సి వస్తే పెద్దది. మేకు తల జోలికి వెళ్ళకండి.

కాగితం మీద తేల్చుకోవడం

చోటు గురించి ఒక హెచ్చరిక, మా జిల్లా వాళ్ళకి మరీ ముఖ్యం. మన ఇళ్ళ చుట్టూ ప్రహరీ, దొడ్డి, అరుగు అన్నీ నాపరాళ్ళే. కాగితాన్ని నాపరాయికి అంటించి కొడదామని అనిపిస్తుంది, నాకూ అనిపించింది, గుండు రాయికి తగిలి వెనక్కి వచ్చి నా పక్కనున్న ఇత్తడి బిందెకి సొట్ట పెట్టింది. బిందె బదులు నా మోకాలో, కన్నో అయ్యుండేది. గోతాం నిండా ఇసుక గానీ, గట్టిగా కుక్కిన పాత బట్టలు గానీ నింపి వెనక పెట్టండి. దాని వెనక దారి, పశువులు, మనుషులు లేకుండా చూసుకోండి, తప్పిన గుండు వందల మీటర్లు పోతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి.

కొలిచి పది మీటర్ల దూరంలో, అంటే 33 అడుగులు, తెల్ల కాగితం మీద ఒక చుక్క పెట్టండి. పొద్దున గాలి లేనప్పుడు కూర్చోండి. తుపాకీని బల్ల మీద గట్టిగా ఆనించకూడదు, స్ప్రింగు తుపాకీ గుండు బయటికి పోకముందే వెనక్కీ ముందుకీ కుదుపుతుంది, ఆ కుదుపు ప్రతిసారీ ఒకేలా ఉండాలంటే ఎడమ అరచెయ్యి మూట మీద పెట్టి, దాని మీద తుపాకీని ఊరికే కూర్చోబెట్టినట్టు ఉంచండి. గట్టిగా పట్టుకుంటే గుండ్లు చెల్లాచెదురవుతాయి.

రకం మార్చినప్పుడల్లా మొదటి పది పదిహేను గుండ్లు లెక్కలోకి తీసుకోకండి, గొట్టం కొత్త గుండుకి అలవాటు పడనివ్వండి. తర్వాత కొత్త కాగితం పెట్టి ఐదు కొట్టండి. చుక్కకి తగిలాయా లేదా అని చూడొద్దు, సైటు కూడా తిప్పొద్దు. ఆ ఐదూ ఎంత దగ్గరగా పడ్డాయో అదొక్కటే చూడాలి. దూరంగా ఉన్న రెండు చిల్లుల బయటి అంచుల మధ్య కొలిచి, అందులోంచి 4.5 తీసేయండి. 24 వస్తే 19.5 మిల్లీమీటర్లు. కాగితం మీద గుండు పేరు, బరువు రాసి పెట్టండి. మరుసటి రోజు రెండోసారి చేయండి, ఒకరోజు గెలిచింది రెండోరోజు ఓడిపోవడం మామూలే.

ఖరీదు గుండే గెలుస్తుందని లేదు. మా మామ తుపాకీ మా డబ్బాలన్నిట్లోకీ ఖరీదైన దాన్ని అస్సలు ఇష్టపడలేదు, అందులో సగం ధర ఉన్న గుండ్రటి తల గుండ్లను మాత్రం ఒక రూపాయి బిళ్ళలో పట్టేట్టు పెట్టింది. ప్రతి గొట్టానికీ దాని రుచి దానికి ఉంటుంది, వేరేవాళ్ళ తుపాకీకి ఏది నచ్చిందని అడగడం దండగ.

గెలిచిన రకం తేలాకే సైటు సరిచేసుకోండి. అయిపోగానే చేతులు సబ్బుతో కడుక్కోండి, అది సీసం. గుండ్లు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటి తీసి ఎక్కించే అలవాటు పాతవాళ్ళకి ఉండేది, మీరు చేయకండి, తింటూ తింటూ కూడా పట్టుకోకండి. డబ్బా పిల్లలకి అందని చోట, తుపాకీ ఎక్కకుండా తాళం ఉన్న బీరువాలో.

ఆఖరికి ఒక చిన్న పని మిగిలింది. కాగితం ముక్క మీద బోరు 4.5, ఏ గుండు, ఎన్ని గ్రెయిన్లు, వాషరు ఎప్పుడు మార్చారు అని రాసి, వెనక పట్టీ విప్పి చెక్క లోపల పెట్టి బిగించండి. మేము అలాగే పెట్టాం. పైన తెల్ల పెయింటుతో ఉన్న ఆ 22 చెరిపేద్దాం మామా అంటే మాత్రం మామ ఒప్పుకోలేదు.